నోస్ కోన్ నిండా పిన్‌హోల్స్: రెసిన్ మార్చాలా?

ప్రశ్న:
అన్నలకు నమస్కారం. మాది విజయవాడ దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ. కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్ (విద్యార్థుల రేసు కార్ల పోటీ) కోసం కారు కడుతున్నాం. కారు ముందుండే ముక్కు తొడుగును, అంటే నోస్ కోన్‌ని కార్బన్ ఫైబర్‌తో, వాక్యూమ్ ఇన్‌ఫ్యూజన్‌లో చేశాం: గుడ్డని మోల్డ్ (అచ్చు) మీద పరిచి, ప్లాస్టిక్ బ్యాగ్ కప్పి, పంపుతో గాలి లాగేసి, గట్టిపడే జిగురు లాంటి రెసిన్‌ని గొట్టంతో లోపలికి పీల్చించాం. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు 200 గ్రాములు) ట్విల్ నేత గుడ్డ, రెండు పొరలు. మోల్డ్ నుంచి ఊడదీస్తే సూదితో గుచ్చినట్టు సన్న చిల్లులు. పంపు ఆగకుండా నడిచింది, గేజి ముల్లు కూడా చివరిదాకా వెళ్ళింది. రెసిన్ మార్చాలా? మళ్ళీ గుడ్డ కొనే డబ్బుల్లేవు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
తమ్ముడూ, ముందు ఒకటి చెప్పు. చిల్లులు పార్టంతా చల్లినట్టున్నాయా, ఒకచోట మొదలై వాక్యూమ్ గొట్టం వైపు చారలా సాగాయా?

ప్రశ్న అడిగినవారు:
చారలాగే అన్నా. అంచు మూల దగ్గర మొదలైంది.

జవాబు:
అయితే రెసిన్ జోలికి పోవద్దు. ఆ మూలలో గాలి దూరింది. పంపు నడుస్తున్నంతసేపు చిన్న లీకు గేజిలో కనపడదు, దూరిన గాలిని దూరినట్టే పంపు లాగేస్తుంది. రెసిన్ కలపకముందే బ్యాగ్‌ని పూర్తిగా లాగి, రెసిన్ గొట్టం బిగించి, పంపు వైపు వాల్వు మూసి, పంపు ఆపేయండి. పావుగంట చూడండి. ముల్లు కదిలిందంటే లీకు ఉన్నట్టే. గది నిశ్శబ్దంగా పెట్టి, బ్యాగ్ అంచుని మోల్డ్‌కి అతికించే సీలెంట్ టేప్ వెంబడి చెవి పెడితే సన్నగా బుస వినిపిస్తుంది. ఎక్కువగా బ్యాగ్ మడత పడ్డచోట, గొట్టం లోపలికి వెళ్ళేచోట దొరుకుతుంది. ముల్లు నిలిచేదాకా హార్డెనర్ (రెసిన్‌ని గట్టిపరిచేది) డబ్బా మూత తీయొద్దు.

ఇంకో సంగతి. రెసిన్ గొట్టం కొసను ఏటవాలుగా కోయండి. తిన్నగా కోస్తే రెసిన్ పోసిన కప్పు అడుగుకు అతుక్కుపోతుంది, పైకి లేపితే గాలి పీల్చేస్తుంది. కప్పులో రెసిన్ ఇంకా ఉండగానే గొట్టం బిగించేయాలి.

మరొకరి జవాబు:
పై సలహా సరైనదే. విజయవాడ ఎండల్లో చేసేవాళ్ళు ఇది కూడా చూసుకోండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఎపాక్సీ రెసిన్ గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుంది. కిలో రెసిన్ ఒకే బకెట్‌లో కలిపి పెడితే దానంతటదే వేడెక్కి పొగలు కక్కుతుంది. కొద్దికొద్దిగా, హార్డెనర్‌ని త్రాసులో తూచి కలపండి. త్వరగా ఆరాలని హార్డెనర్ ఎక్కువ పోయొద్దు. పాలిస్టర్ రెసిన్‌లో అలా పెంచితే త్వరగా గట్టిపడుతుంది కాబట్టి, దానికి అలవాటున్నవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ఎపాక్సీలో పాళ్ళు తప్పితే పార్టు మెత్తగానే ఉండిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఖాళీ మోల్డ్ మీద పరీక్ష చేశాం. నాలుగు నిమిషాల్లోనే ముల్లు పడిపోయింది. మూలలో టేప్ మీద బ్యాగ్ వెంట్రుకంత మడత పడి ఉంది! మరి ఈ పార్టు పారేయాల్సిందేనా?

జవాబు:
నోస్ కోన్ పైతొడుగే కదా, పారేయొద్దు. మోల్డ్‌కి పూసిన మైనం పోయేలా అసిటోన్‌తో తుడిచి, 240 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. ఆరాక అదే ఎపాక్సీని గ్లౌజు వేలితో చిల్లుల్లోకి అదమండి. గట్టిపడ్డాక మళ్ళీ రుద్ది, ఎండలోని యూవీ కిరణాల్ని ఆపే క్లియర్ కోట్ (రంగులేని పైపూత) కొట్టండి, లేదంటే ఎండకు పసుపురంగు తిరుగుతుంది. అదే చిల్లులు బలం మోసే భాగంలో, అంటే వింగ్ బిగించే బ్రాకెట్‌లో వచ్చుంటే మాత్రం మళ్ళీ చేయమనేవాణ్ణి. రుద్దేటప్పుడు అందరూ మాస్కు పెట్టుకోండి తమ్ముడూ, ఆ నల్లపొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.