ఉపవాసమే కదా అని ఆపరేషన్ రోజు పొద్దున కాఫీ తాగవచ్చునా?

ప్రశ్న (చిత్తూరు నుంచి):
పిత్తాశయంలో రాళ్లున్నందున మా అమ్మకు ఎల్లుండి ఉదయం 10 గంటలకు తిరుపతిలో ఆపరేషన్ ఉంది. రాత్రి 12 తరువాత ఏమీ తీసుకోకూడదని చీటీలో రాసిచ్చారు. శనివారాలు, ఏకాదశులు పాలు, పండ్లతో ఉపవాసముండడం ఆమెకు అలవాటు గనుక, అయిదింటికి అర గ్లాసు కాఫీ తాగితే తప్పేమిటని అడుగుతున్నారు. షుగర్ కూడా ఉంది కాబట్టి పది గంటలు మంచినీళ్లు సైతం మానాలంటే నాకు భయంగా ఉంది. తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (ఆపరేషన్ థియేటర్ నర్సు, తిరుపతి):
దేవుడి ఉపవాసానికి అన్నం మానితే సరిపోతుందండీ, మత్తు డాక్టరుకు మాత్రం కడుపు ఖాళీగా ఉండాలి. మత్తులో ఉన్న మనిషికి మింగడం, దగ్గడం వంటి రక్షణలు పనిచేయవు కాబట్టి, కడుపులో ఉన్నది పైకి ఎగదన్నితే ఆమ్లంతో సహా ఊపిరితిత్తుల్లోకి దిగి ప్రాణం మీదికి తెస్తుంది. కాన్పు సమయంలో మత్తు తీసుకున్న స్త్రీలలో ఈ ప్రమాదాన్ని మెండెల్సన్ అనే అమెరికా వైద్యుడు 1946లోనే వివరించారు. పాలు చూడడానికి నీళ్లలాంటివే గాని కడుపులో విరిగి గడ్డకడతాయి, అందుకే వాటిని 6 గంటల ముందే ఆపిస్తాము. రాగి అంబలిని, మజ్జిగను కూడా నీళ్ల లెక్కలో వేయకండి. వేపుళ్లు, మాంసం, నేతి లడ్డూ వంటివాటికి 8 గంటలు కావాలి. గ్లాసు అడుగు కనిపించేంత తేటగా ఉండే మంచినీళ్లను మాత్రం ఆరోగ్యవంతులు 2 గంటల ముందు వరకు తాగవచ్చునని అమెరికా మత్తు వైద్యుల సంఘం 1999 నుంచీ చెబుతోంది. అయితే షుగర్ చాలాకాలంగా ఉన్నవారిలో కడుపు ఆలస్యంగా ఖాళీ కావచ్చు, కాబట్టి అమ్మగారి విషయంలో ఆ గడువు మత్తు డాక్టరే చెప్పాలి.

జవాబు 2:
మా నాన్న హెర్నియా ఆపరేషన్ రోజు ఆరింటికి మజ్జిగ తాగి, తిడతారని దాచారు. థియేటర్ గుమ్మం దగ్గర రెండోసారి అడిగినప్పుడు చెప్పడంతో ఆపరేషన్ మరుసటి రోజుకు వాయిదా పడింది. ఆ మాట బయటపెట్టినందుకు నేటికీ సంతోషిస్తున్నాను. ఏది నోట్లో పడినా దాచవద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి.

జవాబు 3:
షుగర్ మాత్రలు, ఇన్సులిన్ సంగతి ఈరోజే అడగండి. ఏమీ తినకుండా వాటిని మామూలుగా తీసుకుంటే షుగర్ పడిపోవచ్చు, కొన్ని రకాల మాత్రలను మూడు నాలుగు రోజుల ముందే ఆపవలసి ఉంటుంది. షుగర్ ఉన్నవారిని వరుసలో ముందు పెట్టమని కోరడంలో మొహమాటపడకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఫోన్ చేసి అడిగాను. అమ్మను మొదటి కేసుగా 8 గంటలకు తీసుకుంటామని, తెల్లవారి 5 వరకు మంచినీళ్లు గుక్కెడు గుక్కెడుగా తాగవచ్చునని మత్తు డాక్టరు చెప్పారు. కాఫీ మానడానికి అమ్మ ఒప్పుకున్నారు, సంచిలోని లడ్డూను మాత్రం ఆపరేషన్ తరువాత డాక్టరు తినమన్నప్పుడు ఇవ్వాలని నా చేతిలో పెట్టారు.