కరణేషు మంత్రీనా, కారణేషు మంత్రీనా?

శ్రావణి: నిన్న రాత్రి అమ్మతో కూర్చుని సీరియల్ చూస్తున్నాను. అప్పగింతల సీను. పెద్దావిడ ఒకరు పెళ్లికూతురి గడ్డం పట్టుకుని, భార్య ఎలా ఉండాలో చెప్పే శ్లోకం అందుకున్నారు. "కార్యేషు దాసీ" అని, నేరుగా "రూపేచ లక్ష్మీ"కి వెళ్లిపోయారు. "మంత్రిని మింగేసిందేంటే!" అంది అమ్మ. ఇంతకీ అది కరణేషునా, కారణేషునా? నేను రెండూ విన్నాను.

లఘువు గురువు: కరణేషు. ఛందస్సు ఇంద్రవజ్రం కదా, పాదానికి త, త, జ గణాలు, చివర రెండు గురువులు. ఆరో అక్షరం లఘువే (పొట్టి అక్షరమే) ఉండాలి, "కా" అంటే పాదం విరుగుతుంది. "క్షమయేషు ధరిత్రీ" అనేవాళ్లకూ ఇదే జవాబు. "క్షమయా" అనాలి.

గోదారి గట్టు: ఛందస్సు సరేనండీ, అర్థం? మా నాన్నమ్మ "కరణేషు" అంటే ఊరి కరణంలా లెక్కలు చూడటం అనేది. క్యాలెండర్‌లో పాలు రాని రోజు చుట్టూ సున్నా చుట్టేది. నెలాఖరున పాలవాడితో మాట్లాడేది ఆవిడే, తాతయ్య కాదు.

లఘువు గురువు: నాన్నమ్మగారి మీద గౌరవంతోనే చెబుతున్నాను, కరణం ఉద్యోగానికీ దీనికీ ముడిపెట్టలేం. ఇక్కడ కరణమంటే పని నడిపించడం.

మధిర టీచర్: నడిపించడమే అయితే మరీ మంచిది! అసలు చూడాల్సింది "మంత్రీ" దగ్గర. దాసీ, లక్ష్మీ, ధరిత్రీ, మాతా, రంభా అన్నీ ఆడమాటలు. ఇదొక్కటే పుంలింగం. ఆలోచన చెప్పే చోటికి వచ్చేసరికి శ్లోకం రాసినాయనకు ఆడమాట దొరకలేదు.

లఘువు గురువు: "మంత్రిణీ" పెడితే ఒక అక్షరం ఎక్కువవుతుంది.

మధిర టీచర్: లలితా సహస్రనామంలో "మంత్రిణీ న్యస్త రాజ్యధూః" అని ఉందిగా. రాజ్యభారమే మంత్రిణికి అప్పగించారు. శుక్రవారం శుక్రవారం చదువుతూనే ఉన్నాం. టీవీలో మాత్రం దాసీ, ధరిత్రీ వందల ఎపిసోడ్లు నడుస్తాయి. కోడలు ఆఫీసు ఫైలు తెరిస్తే రెండో నిమిషంలో ఎవరో ఒకరు లాక్కుంటారు. సినిమాలో అయితే మిగిలింది రంభ. కెమెరా మగవాడి కన్నై చూస్తుందని సినిమా సిద్ధాంతకర్త లారా మల్వీ 1975లోనే రాసింది.

గోదారి గట్టు: 'మిస్సమ్మ' 1955 నాటిది. అప్పు తీర్చడానికి ఉద్యోగానికి బయల్దేరిన మేరీని మన ప్రేక్షకులు నెత్తిన పెట్టుకున్నారు. ఇలాంటి ఆడపాత్రలను జనం చూడరని అంటుంటారు, ఆ మాట నేను ఒప్పుకోను.

మధిర టీచర్: తిక్కన ద్రౌపదిని తీసుకోండి. రాయబారానికి ముందు కృష్ణుడికి జుట్టు చూపించి మాట్లాడుతుంది. అక్కడ కన్నీళ్లతో పాటు వాదం ఉంది, సంధి ఎందుకు కూడదో లెక్క ఉంది. తెరమీద ద్రౌపది అనగానే కెమెరా చీర దగ్గరే ఆగిపోతుంది.

లఘువు గురువు: తిక్కన మాట వస్తే నేను కాదనలేను. అయితే ఆఖరి పాదం తేల్చండి. షట్కర్మయుక్తానా (ఆరు పనులతో కూడినది), షడ్ధర్మయుక్తానా (ఆరు ధర్మాలతో కూడినది)? ఛందస్సుకు రెండూ సరిపోతాయి.

శ్రావణి: ఇంకో మాట. అమ్మ ఈరోజు రిపీట్ మళ్లీ చూసింది. పెద్దావిడ పెదాలు కదిలాయట, అక్కడే సంగీతం పెంచేశారట.