‘కోకో’ అందామా, ‘కకావో’ అందామా?

పదాలవేట:
మిత్రులతో కలిసి ఆహార పదకోశం ఒకటి తయారుచేస్తున్నాను. అందులో ‘కోకో’ ఆరోపం (అర్థం ఇచ్చే ముందు వేసే తలమాట) తీసేసి ‘కకావో’ అని పెట్టాలన్నది నా వాదన. చాక్లెట్ చేసే ఆ గింజను మెక్సికోలో నావాట్ల్ భాషవాళ్లు ‘కకవాట్ల్’ అన్నారు. స్పెయిన్ వాళ్లు దాన్ని ‘కకావో’ చేసుకున్నారు. ఇంగ్లీషులోకి వచ్చాకే కొబ్బరికాయను సూచించే ‘కోకో’తో కలగాపులగమైంది. శామ్యూల్ జాన్సన్ 1755 నాటి ఇంగ్లీషు నిఘంటువులో కొబ్బరీ, ఈ గింజా ఒకే ఆరోపం కింద అచ్చయ్యాయి. లండన్‌లో దొర్లిన పొరపాటును మనమెందుకు మోయాలి?

కొబ్బరితోట:
మాది ఏలూరు జిల్లా. పన్నెండేళ్లుగా కొబ్బరిలో ఈ చెట్లను అంతరపంటగా వేస్తున్నాం. నర్సరీవాళ్లు, కూలీలు, కొనేవాళ్లు అందరూ కోకో అనే అంటారు. కకావో అంటే ఇక్కడ ఎవరికీ తెలియదు.

చిన్నసందేహం:
కోకా ఆకు, కోకో గింజ ఒకే చెట్టువా?

పాతపుస్తకం:
కాదు. కోకా ఆండీస్ పర్వతాల మొక్క, పేరు అక్కడి భాషలదే. ఇక పదాలవేట గారికి నా మాట. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పినదాన్ని. అగ్ని ప్రకృతి, అగ్గి వికృతి. విద్య ప్రకృతి, విద్దె వికృతి. వికృతి అంటే తప్పని ఏ వ్యాకరణమూ చెప్పలేదు. టమాటా కూడా ఆ నావాట్ల్ భాషదే, అక్కడ ‘తొమాట్ల్’. మన వాళ్లు టమాటా అన్నారు, కొందరు రామములగ అన్నారు. ఎవరూ తప్పు చేయలేదు.

పదాలవేట:
అమ్మా, అగ్ని అగ్గి అయింది గానీ ఆవు కాలేదు. ధ్వని మారడం వేరు, ఒక వస్తువు పేరు ఇంకో వస్తువుకు అంటుకోవడం వేరు. పోర్చుగీసులో ‘కోకో’ అంటే పిల్లల్ని జడిపించే బూచి. కొబ్బరిచిప్ప మీది మూడు కళ్లు ముఖంలా కనిపించి ఆ పేరు పెట్టారు. ఆ బూచి పేరును ఈ గింజకు తగిలించడం నాకు మింగుడుపడదు. అసలు పేరు ఎంత పాతదో చూడండి. గ్వాటెమాలాలోని రియో అసుల్ సమాధిలో అయిదో శతాబ్దపు మట్టికూజా దొరికింది. మూత మెలితిప్పి బిగించేలా చేశారు. దాని మీద అక్కడి ప్రాచీన మాయా ప్రజల లిపిలో ‘కకవ’ అని ఉందని ఆ లిపి పండితుడు డేవిడ్ స్టువర్ట్ చదివారు. లోపల అంటుకున్న మడ్డిని పరీక్షిస్తే ఈ గింజలో ఉండే థియోబ్రోమిన్ అనే రసాయనం బయటపడింది. పేరూ పదార్థమూ ఒకే కూజాలో దొరికిన మాట ఇంకొకటి చూపించండి.

తీరిక:
రెండూ రాసి, ఒకదాని దగ్గర ‘చూడుడు’ అని పెడితే సరిపోతుంది కదా.

పాతపుస్తకం:
ఆ మాట మాయా వారి సొంతమూ కాదంటారు. దక్షిణ మెక్సికోలోని మిహే-సోకే భాషల నుంచి వచ్చిందని 1976లో భాషావేత్తలు క్యాంబెల్, కౌఫ్‌మన్ వాదించారు. కాదు, నావాట్ల్ కుటుంబానిదేనని 2000లో డాకిన్, విక్‌మన్ వాదించారు. ఇక ఈక్వడార్‌లో 5,300 ఏళ్ల కిందటి పాత్రల్లోనే ఈ గింజ ఆనవాళ్లున్నాయని 2018లో తేలింది. వాళ్లు పిలిచిన పేరు మనదాకా రానే లేదు. మీరు వెతికే మూలానికి అడుగు లేదు.

పదాలవేట:
అడుగు అందలేదని బావి పూడుస్తామా? ఒక పత్రికకు పంపిన వ్యాసంలో నేను రాసిన ‘కకావో’ను పదకొండు చోట్ల నాతో మాటైనా చెప్పకుండా ‘కోకో’గా దిద్దారు. వాళ్లకూ మీకూ తేడా లేదు. ఇంగ్లీషువాడు పలికిందే మీకు వేదం.

పాతపుస్తకం:
మాట జారకండి. ఎవరో మీ వ్యాసం దిద్దితే ఆ కోపం నా మీద తీర్చుకుంటారా?

కొబ్బరితోట:
ఇద్దరూ కాస్త ఆగండి. ‘కకావో’ ఎవరికీ తెలియదన్నాను గానీ, నేను చూశాను. మా అమ్మాయి హైదరాబాద్ నుంచి తెచ్చిన నూరు గ్రాముల పొట్లం మీద. దాని ధర, ఆ వారం నాకు కిలో గింజలకు కట్టిన ధర దాదాపు ఒకటే. కత్తి గింజకు తగలకుండా కాయ పగలగొట్టి, తెల్లటి గుజ్జుతో సహా బుట్టలో పోసి అరిటాకు కప్పుతాం. రెండు మూడు రోజులకు లోపల చెయ్యి పెడితే వేడి కొడుతుంది, ఇల్లంతా పుల్లటి వాసన. ఆరు రోజులు తిరగేస్తూ పులియబెట్టి, ఎండబెట్టి తీసుకెళ్తే, కొనే మనిషి నాలుగు గింజలు నిలువునా కోసి, ఇంకా ఊదా రంగు పోలేదని, అంటే సరిగ్గా పులియలేదని, కిలోకు 20 రూపాయలు కోశాడు. 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో టన్ను 12,000 డాలర్లు దాటిందని చదివి ఎంతో ఆశపడ్డాం. తర్వాత పడిపోయింది. ఇప్పుడు మీరు ‘కోకో’ తప్పని రాస్తే, కకావో మేలిరకం, కోకో నాసిరకం అని అమ్ముకునేవాళ్లకు మీ పుస్తకమే సాక్ష్యం అవుతుంది.

పదాలవేట:
అది నా తలపులో లేదు. నావాట్ల్ మాట్లాడిన అజ్‌టెక్‌ల కాలంలో ఆ గింజలే డబ్బు, వాటినే కప్పంగా కట్టేవారు. స్పెయిన్ వాళ్లు రాజ్యం లాక్కున్నారు, గింజ పట్టుకుపోయారు. పేరైనా అజ్‌టెక్‌లది వాళ్లకు మిగలాలన్నదే నా బాధ. సరే, ‘కోకో’ ఉంచుతాను. పక్కన ‘కకావోకు అపభ్రంశం’ అని రాస్తాను.

కొబ్బరితోట:
అపభ్రంశం వద్దు.

పాతపుస్తకం:
‘వికృతి’ అని రాయండి.

పదాలవేట:
రాయలేను, ఇది ధ్వని మార్పు కాదు. ‘కొబ్బరి పేరుతో కలిసి ఏర్పడిన రూపం’ అని రాస్తాను. అంతకు మించి తగ్గను.

కొబ్బరితోట:
అలాగే రాయండి. దాని కిందే ‘కకావో, కోకో రెండూ ఒకే చెట్టు గింజలు’ అని కూడా వేయండి. ఆ వాక్యం లేకపోతే నేను ఒప్పుకోను.