300 యూనిట్లు దాటాయని అమ్మ పింఛను దరఖాస్తు తిరస్కరించారు: ఏం చేయాలి?

కృష్ణాతీరం:
పెద్దలందరికీ నమస్కారం. ఉదయం పది గంటలకు మా వార్డు సచివాలయానికి వెళ్లి, మధ్యాహ్నం మూడింటికి ఇల్లు చేరి, అన్నం కూడా తినకుండా ఇది రాస్తున్నాను. మా అమ్మకు 66 ఏళ్లు. నాన్నగారు పోయి నాలుగేళ్లయింది. అమ్మ పింఛనుకు దరఖాస్తు చేస్తే, సిక్స్ స్టెప్ వ్యాలిడేషన్‌లో (అర్హతను ఆరు రకాలుగా సరిచూసే పద్ధతి) నెలకు సగటున 300 యూనిట్ల కంటే ఎక్కువ కరెంటు వాడుతున్నట్టు వచ్చిందని తిరస్కరించారు. అమ్మ ఉండేది ఒక గదీ వంటిల్లూ. ఒక ఫ్యాను, రెండు లైట్లు, ఒక పాత ఫ్రిజ్జు తప్ప అందులో ఏమీ లేవు. ఎవరిని అడిగినా ‘సిస్టం తీసుకోవడం లేదు’ అన్న మాటే తప్ప వేరే సమాధానం లేదు. ఎదురింట్లో ఇద్దరు కొడుకులూ బాగా సంపాదిస్తున్న ఒకావిడకు మాత్రం ఒకటో తారీఖు పొద్దున్నే 4,000 రూపాయలు గుమ్మంలోకి తెచ్చి ఇస్తున్నారు. ఇదెక్కడి న్యాయం? సరిచేయించుకునే దారి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

ఓరుగల్లు:
మీరు ఏ రాష్ట్రమో రాయలేదు. మా తెలంగాణలో ఆసరా పింఛనుకు పట్టణాల్లో ఏడాదికి 2 లక్షలు, పల్లెల్లో లక్షన్నర ఆదాయ పరిమితి ఉంది. మీ దగ్గర 4,000 అంటున్నారు, మాకు 2019 నుంచి 2,016 దగ్గరే ఆగింది. ముందు ఆ సంగతి అడగండి.

లైన్‌మన్:
మీటర్లు ఎన్ని? ఎవరి పేరున ఉన్నాయి?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
నాయనా, నీ కష్టం అర్థమైంది కానీ ముందుగా ఒక మాట సరిచేయాలి. పింఛను అంటే ముప్పై, నలభై ఏళ్లు కొలువు చేసినవాడు తన జీతంలో భాగంగా సంపాదించుకున్న హక్కు. అది యజమాని దయాధర్మం కాదని నకారా కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది, అందుకే ఆ తేదీని మేము పింఛనుదారుల దినంగా జరుపుకుంటున్నాము. మీ అమ్మగారు అడుగుతున్నది వృద్ధాప్య భృతి. భృతి ఇచ్చేటప్పుడు పుచ్చుకునేవారి స్థితిగతులు విచారించడంలో అన్యాయమేమీ లేదు. రెండింటినీ ఒకే పేరుతో పిలవడం వల్లనే ఈ గందరగోళమంతా వస్తున్నది.

కృష్ణాతీరం:
ఆంధ్రప్రదేశే, గుంటూరు జిల్లాలో ఒక మునిసిపాలిటీ. సచివాలయం అన్నాను కదా అని విడిగా రాయలేదు. మీటర్లు మూడు, మూడూ నాన్నగారి తరువాత అమ్మ పేరునే ఉన్నాయి. మిగతా రెండు పోర్షన్లలో అద్దెకు ఉంటున్నారు. ఆ బిల్లులు వాళ్లే కట్టుకుంటారు కాబట్టి అవి లెక్కలోకి వస్తాయని నాకు తట్టలేదు.

లైన్‌మన్:
మూడు మీటర్లకూ అమ్మగారి ఆధార్ ఉంటే మూడూ కలిపే చూపిస్తుంది. అద్దెవాళ్లకు ఏసీ ఉందా?

కృష్ణాతీరం:
పై పోర్షన్‌లో ఉంది. రెండు అద్దెలూ కలిపి తొమ్మిది వేలు వస్తాయి.

చిట్టా ఆవర్జా:
ఇప్పుడు కదా అసలు విషయం బయటికి వచ్చింది. పట్టణాల్లో కుటుంబ ఆదాయ పరిమితి నెలకు 12,000, పల్లెల్లో 10,000. తొమ్మిది వేల అద్దె ఒక్కటే అయితే ఆదాయం దగ్గర మీ అమ్మగారు అర్హులే. కానీ నా అభ్యంతరం ఈ గీతల మీద. నెలకు 11,900 వచ్చే ఇంటికి 4,000 కలిసి 15,900 అవుతుంది. 12,100 వచ్చే ఇంటికి పైసా కలవదు. రెండు వందలు ఎక్కువ సంపాదించినందుకు ఆ ఇల్లు 3,800 వెనకబడుతుంది. పైగా ఆదాయాన్ని నేరుగా కొలవడం మన దగ్గర ఎవరివల్లా కాదు కాబట్టి, దాని నీడలను కొలుస్తున్నారు: కరెంటు మీటరు, కారు, పొలం, ఇంటి వైశాల్యం. మూడెకరాల మాగాణి పరిమితి ఉంది, కానీ కాలువ చివరి భూములకు నీరు వచ్చిందో లేదో పట్టాదారు పుస్తకం చెప్పదు కదా. టాక్సీకీ ఆటోకీ ట్రాక్టరుకీ మినహాయింపు ఇచ్చారు, అది వివేకమే. అద్దెవాడి ఏసీకి మాత్రం ఆ వివేకం అందలేదు.

ఓరుగల్లు:
నీడలైనా కొలవకపోతే మేడలున్నవాళ్లు కూడా క్యూలో నిలబడతారు.

థేమ్స్ ఒడ్డున:
ఇంగ్లండులో పదేళ్లుగా ఉంటున్నాను కాబట్టి ఇక్కడ జరిగింది చెబుతాను. చలికాలంలో ఇల్లు వెచ్చగా ఉంచుకోవడానికి పింఛను వయసు వచ్చినవారందరికీ ఇంటికి 200 నుంచి 300 పౌండ్ల దాకా ఇచ్చేవారు. 2024 జూలైలో దాన్ని పెన్షన్ క్రెడిట్ వంటి సాయం పొందే నిరుపేదలకే పరిమితం చేశారు. వారానికి సుమారు 218 పౌండ్ల ఆదాయపు గీతకు కొంచెం పైన ఉన్న ఒంటరి ముసలివారు ఒక్కసారిగా సాయం పోగొట్టుకున్నారు. అంతకంటే బాధాకరమైన సంగతి ఏమిటంటే, అర్హత ఉండి కూడా ఆ క్రెడిట్‌కు దరఖాస్తే చేసుకోనివారు లక్షల్లో ఉన్నారు. కొందరికి ఫారం నింపడం రాదు, కొందరికి సిగ్గు. విమర్శలు ముదిరాక 2025 జూన్‌లో ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఏడాదికి 35,000 పౌండ్ల లోపు ఆదాయం ఉన్నవారందరికీ ఉంచుతామని, అంతకు మించినవారి నుంచి పన్ను ద్వారా తిరిగి రాబడతామని ప్రకటించింది. ముందు అందరికీ ఇచ్చి తరువాత పన్నులో రాబట్టడమే మర్యాదైన పద్ధతి అని నా అభిప్రాయం.

చిట్టా ఆవర్జా:
మర్యాదైనదే, కానీ మన దగ్గర రాబట్టేది ఎవరి నుంచి అండీ? అక్కడ పింఛనుదారులందరి లెక్కా పన్ను శాఖ దగ్గర ఉంటుంది. ఇక్కడ వృద్ధుల్లో రిటర్ను వేసేవారు ఎందరు? కేంద్రం తన వంతుగా 60 నుంచి 79 ఏళ్లవారికి నెలకు ఇచ్చేది 200 రూపాయలే, అదీ దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికే. రాష్ట్రమేమో 60 లక్షలకు పైగా పింఛన్లకు నెలనెలా 2,700 కోట్ల దాకా పెడుతోంది. వడపోత పూర్తిగా ఎత్తేస్తే ఆ బరువు ఎవరు మోస్తారో కూడా చెప్పాలి.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
చూశారా, అందరూ మళ్లీ పింఛను అనే అంటున్నారు.

చిట్టా ఆవర్జా:
మాస్టారూ, పథకం పేరే ‘ఎన్టీఆర్ భరోసా పింఛను’. ప్రభుత్వం పెట్టిన పేరును మేము మార్చలేము. పనిచేసే శక్తి ఉన్నంతకాలం పొలంలో నాట్లు వేసిన మనిషి కూడా సేవ చేసినట్టే కదా, ఆమెకు సర్వీసు రిజిస్టరు లేకపోవడం ఆమె తప్పా? రాజ్యాంగం 41వ అధికరణంలో వృద్ధాప్యంలో ప్రభుత్వ సాయం అనే మాట ఉంది, అందుకు కొలువు చేసి ఉండాలన్న షరతు అందులో లేదు.

విశ్రాంత ఉపాధ్యాయుడు:
‘ఆర్థిక స్తోమతను బట్టి’ అన్న మాట కూడా ఆ అధికరణంలోనే ఉంది. దానిని వదిలేసి చదవకూడదు.

గట్టుమీది రావి:
కృష్ణాతీరం గారూ, ఒక సందేహం. మీరు ఆదాయపు పన్ను కడుతున్నారా? కుటుంబంలో పన్ను కట్టేవారు ఉన్నా దరఖాస్తు ఆగిపోతుంది.

కృష్ణాతీరం:
కడతాను, బెంగళూరులో ఉద్యోగం, సెలవు పెట్టి వచ్చాను. కానీ పెళ్లయ్యాక నా రేషను కార్డు వేరు. అమ్మ వివరాల్లో నేను లేను. నా జీతం అమ్మది ఎలా అవుతుంది?

గట్టుమీది రావి:
కాదనే నేనూ అంటున్నాను. అయితే ఎదురింటావిడ కొడుకుల కార్డులు కూడా వేరే అయి ఉంటాయి. వాళ్ల సంపాదన చూపించి ఆవిడకు పింఛను ఎందుకని అడిగినవారు మీరే. ఒకే పొయ్యి మీద వండుకునేవారు కుటుంబం అని మనం అనుకుంటాం, సచివాలయం వారికి మాత్రం నమోదులో ఉన్న పేర్లే కుటుంబం. ఆ లెక్క మీ ఇంటికి ఒకలా, ఎదురింటికి ఒకలా ఉండదు. కొడుకు డబ్బు పంపుతున్నాడో లేదో ఏ కంప్యూటరుకూ తెలియదు, తల్లులు కూడా బయటికి చెప్పరు.

కృష్ణాతీరం:
ఆ మాట నిజమే. కోపంలో రాశాను.

లైన్‌మన్:
చేయాల్సిన పని ఇది. మూడు మీటర్ల ఏడాది బిల్లులు తీయించండి. అమ్మగారు ఉంటున్న పోర్షన్ మీటరు ఏదో గుర్తుపెట్టి, మిగతా రెండింటికీ అనుసంధానమైన ఆధార్ తీసివేయమని అద్దె ఒప్పందాల నకళ్లతో సహా కరెంటు ఆఫీసులో ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోకుండా రావద్దు. ఆ రసీదుతో సచివాలయంలో మళ్లీ అర్జీ పెట్టండి.

చిట్టా ఆవర్జా:
మీటర్లు తేలినా ఇంకొకటి ఉంది. పట్టణాల్లో సొంత కట్టడం 1000 చదరపు అడుగుల లోపు ఉండాలి. మూడు పోర్షన్లు కలిపితే మీ ఇల్లు ఎంత ఉంటుంది?

కృష్ణాతీరం:
కొలవలేదండీ. నాన్నగారు దఫదఫాలుగా కట్టిన ఇల్లు. రేపు ఏఈ ఆఫీసుకు వెళ్తాను, ఎల్లుండి రాత్రికి నాకు రైలు ఉంది. అందరికీ థాంక్స్.

లైన్‌మన్:
ఇంటిపన్ను రసీదు మీద వైశాల్యం ఉంటుందేమో చూడండి.

చిట్టా ఆవర్జా:
చూశారా అండీ?