వెబ్‌సైట్ డొమైన్ నిజంగా మన పేరు మీదే ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

చెక్కబొమ్మల షాపు, తిరుపతి:
అందరికీ నమస్తే. మాధవమాల నుంచి సరుకు తెచ్చి తిరుపతిలో అమ్ముతాం, పూజా మందిరాలు, దశావతారాలు, గుమ్మం పైన పెట్టే పలకలు అలాంటివి. కరోనా టైములో షాపు మూతపడినప్పుడు తెలిసిన అబ్బాయితో వెబ్‌సైట్ చేయించుకున్నాం, ఇప్పుడు చెన్నై, బెంగళూరు, అమెరికాలో ఉండే మనవాళ్ల ఆర్డర్లు చాలావరకు దాని మీదే వస్తున్నాయి. షాపు బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద, ప్యాకింగ్ కవర్ల మీద ఆ సైట్ అడ్రసే, అంటే డొమైన్ పేరే. ఏటా అతను రెన్యూవల్ అని వాట్సాప్‌లో మెసేజ్ పెడతాడు, ఫోన్‌పేలో వేసేస్తాం. మొన్న మా నాన్న "ఆ పేరు మన పేరు మీదే ఉందా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు. అబ్బాయి మంచివాడే, బెంగళూరులో ఉద్యోగం, ఫోన్ చేస్తే ఎత్తుతాడు. అడిగితే "అన్నీ నా అకౌంట్‌లో భద్రంగా ఉన్నాయన్నా, టెన్షన్ వద్దు" అన్నాడు. డబ్బు మేమే కడుతున్నాం కదా, మాదే అనుకోవచ్చా? డాట్ కామ్ ఒకటి, డాట్ ఇన్ ఒకటి ఉన్నాయి.

సర్వర్ పని:
అనుకోవద్దన్నా. డబ్బు ఎవరు పంపినారన్నది కాదు, రిజిస్ట్రేషన్ రికార్డులో రిజిస్ట్రెంట్ (నమోదు చేసుకున్నవాళ్లు) అనే చోట ఎవరి పేరుంటే డొమైన్ వాళ్లది. అందులో ఆర్గనైజేషన్ అని ఇంకో గడి ఉంటుంది, అది ఖాళీగా లేకుంటే అందులో ఉన్న సంస్థనే హక్కుదారు కింద లెక్క వేస్తారు. చాలామంది డెవలపర్లు అలవాటుగా అక్కడ తమ కంపెనీ పేరు కొట్టేస్తారు, మోసం చేయాలని కాదు, ఫారం నింపేటప్పుడు ఎవరూ ఆలోచించరు. అందుకే అతన్ని "భద్రంగా ఉందా" అని అడగడం కాదు, అకౌంట్‌లోకి లాగిన్ అయి ఆ రెండు డొమైన్ల కాంటాక్ట్ వివరాల పేజీ స్క్రీన్‌షాట్ పంపమనండి. పేరు, ఆర్గనైజేషన్, ఈమెయిల్, ఫోన్ నంబరు నాలుగూ చూడండి. రికార్డులో మీ పేరే ఉండి ఈమెయిల్ అతనిదైతే పని సగమే అయినట్టు, ఎందుకంటే పాస్‌వర్డ్ మార్చే లింకులు, ట్రాన్స్‌ఫర్‌కి ఒప్పుకోమని అడిగే మెయిళ్లు అన్నీ అతనికే పోతాయి.

గాంధీ రోడ్డు:
లాగిన్ లేకుండా చూసేది కూడా కొంత ఉంది. డాట్ కామ్‌కి ఐకాన్ (ప్రపంచమంతా డొమైన్ పేర్ల నియమాలు చూసే సంస్థ) వాళ్ల లుకప్ పేజీలో, డాట్ ఇన్‌కి దాన్ని నడిపే నిక్సీ వాళ్ల సైట్‌లో పేరు కొట్టి చూడండి. ఏ రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మి నమోదు చేసే కంపెనీ) దగ్గర ఉంది, ఎప్పుడు కొన్నారు, ఎప్పటితో గడువు అయిపోతుంది, నేమ్‌సర్వర్లు (ఆ పేరు కొడితే ఎక్కడికి పోవాలో చెప్పేవి) ఏవి, ఇవన్నీ వస్తాయి. హక్కుదారు పేరు మాత్రం ఇప్పుడు చాలావరకు దాచే చూపిస్తారు, అది కనిపించలేదని భయపడాల్సిన పనిలేదు, కనిపించలేదు కాబట్టి మీదే అనుకోవడానికీ లేదు. మీరు గట్టిగా పట్టుకోవాల్సింది గడువు తేదీ. అతను ఉద్యోగంలో బిజీ అయి ఒక ఏడాది మర్చిపోతే ఏమవుతుందో చూడండి: డాట్ కామ్‌లో గడువు దాటాక మామూలు ధరకే రెన్యూ చేసుకునే వీలు కొన్ని రోజులు ఉంటుంది, ఎన్ని రోజులన్నది రిజిస్ట్రార్ ఇష్టం, ఎక్కువలో ఎక్కువ 45. ఆ తర్వాత డిలీట్ చేస్తే 30 రోజులు రిడెంప్షన్ అని ఇంకో అవకాశం ఉంటుంది, అప్పుడు వెనక్కి తెచ్చుకోవాలంటే మామూలు ఫీజుకు ఎన్నో రెట్లు కట్టాలి. అదీ దాటితే 5 రోజులకు పేరు బజార్లోకి వస్తుంది, ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్ని కంపెనీలు అంతదాకా ఆగకుండా గడువు దాటిన పేర్లను ముందే వేలానికి పెట్టేస్తాయి కూడా. హెచ్చరిక మెయిళ్లు నెల ముందు, వారం ముందు తప్పకుండా వస్తాయి, కానీ వచ్చేది రికార్డులో ఉన్న ఈమెయిల్‌కే, మీకు కాదు.

పాకాల కుర్రోడు:
అబ్బాయి మంచోడు అంటున్నారు కదా, ఇన్నేళ్లూ బాగానే చూసుకున్నాడు. ఇప్పుడు పోయి స్క్రీన్‌షాట్లు అడిగితే నమ్మకం లేదనుకుంటాడేమో అన్నా.

సర్వర్ పని:
తమ్ముడూ, మంచోడు కాబట్టే ఇప్పుడు అడగాలి. అతనికి ఒంట్లో బాగాలేకపోయినా, అతని ఈమెయిల్ లాక్ అయినా, ఇంట్లోవాళ్లకు ఆ పాస్‌వర్డ్ ఎక్కడ తెలుస్తుంది? స్థలం కొంటే తెలిసినవాడి పేరు మీద రాయించి ఊరుకుంటామా, ఇదీ అంతే. గొడవ అయ్యాక చేతిలో మిగిలేవి తక్కువ. హక్కు ఎవరిదన్న తగువు ఐకాన్ తీర్చదు. ట్రేడ్‌మార్క్ ఆధారంగా డాట్ కామ్‌కి యూడీఆర్‌పీ, డాట్ ఇన్‌కి నిక్సీ వాళ్ల ఐఎన్‌డీఆర్‌పీ అని తగువులు తీర్చే పద్ధతులు ఉన్నాయి, కానీ జెనీవాలోని వైపో (ప్రపంచ మేధో సంపత్తి సంస్థ) దగ్గర తీర్పు చెప్పే ఒక్క ప్యానెలిస్ట్‌తో యూడీఆర్‌పీ కేసు వేయాలన్నా ఫీజే 1,500 డాలర్లు. ఏడాదికి వెయ్యి రూపాయల చుట్టూ అయ్యే పేరు కోసం అంతదూరం పోవాలా?

చెక్కబొమ్మల షాపు, తిరుపతి:
అడిగినాను. ఏమీ అనుకోలేదు, వెంటనే పంపినాడు. డాట్ ఇన్ నాన్న పేరు మీదే ఉంది, డాట్ కామ్‌లో మాత్రం ఆర్గనైజేషన్ దగ్గర అతను చదువుకునేటప్పుడు పెట్టిన చిన్న కంపెనీ పేరుంది, ఈమెయిల్ రెండిట్లోనూ అతనిదే. మార్చేద్దాం అన్నాడు. ఎక్కడ మొదలుపెట్టాలి? మధ్యలో సైట్ ఆగిపోతుందా? మా ఇన్ఫో మెయిల్ కూడా అదే డొమైన్ మీద నడుస్తోంది.

గాంధీ రోడ్డు:
ముందు అదే రిజిస్ట్రార్ దగ్గర షాపు కోసం కొత్త అకౌంట్ తెరవండి. అకౌంట్‌కి ఆ ఇన్ఫో మెయిల్ మాత్రం పెట్టొద్దు, డొమైన్ ఆగిన రోజు ఆ మెయిల్ కూడా ఆగుతుంది, ఓటీపీ ఎక్కడికి వస్తుంది మరి? ఇంట్లో ఇద్దరికి తెలిసిన జీమెయిల్ పెట్టి, టూ స్టెప్ (పాస్‌వర్డ్‌తో పాటు ఓటీపీ కూడా అడిగేది) ఆన్ చేసి, నంబరు నాన్నదో మీదో ఇవ్వండి, షాపులో పనిచేసే కుర్రాడిది వద్దు. తర్వాత అతన్ని రెండు డొమైన్లూ మీ అకౌంట్‌కి పుష్ చేయమనండి, అంటే అతని అకౌంట్ నుంచి మీ దానికి మార్చడం, ఒకే కంపెనీ లోపల అయితే మామూలుగా ఖర్చుండదు, గడువూ మారదు. అప్పుడు ఆర్గనైజేషన్ పేరు, ఈమెయిల్ మార్చండి. ధృవీకరణ మెయిల్ వస్తే పక్కన పెట్టకుండా క్లిక్ చేయండి, 15 రోజుల్లో చేయకపోతే డాట్ కామ్‌ని ఆపేసే అధికారం రిజిస్ట్రార్‌కుంది. వేరే రిజిస్ట్రార్‌కి మారే ఆలోచన ఉంటే ఇప్పుడే వద్దు, హక్కుదారు వివరాలు మార్చాక 60 రోజులు బయటికి పోనివ్వకుండా లాక్ పడొచ్చు.

సర్వర్ పని:
సైట్ ఆగదు, నేమ్‌సర్వర్లు ముట్టుకోనంతవరకు. అయినా పుష్ చేసే ముందు డీఎన్ఎస్ పేజీ (సైట్, మెయిల్ ఏ సర్వర్‌కి పోవాలో రాసి ఉండేది) మొత్తం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ముఖ్యంగా ఎమ్ఎక్స్ రికార్డులు, మీ మెయిల్ నడిచేది వాటి మీదే. ఇంకొకటి, హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉండే చోటు) ఎవరి అకౌంట్‌లో ఉందో కూడా ఇదే ఫోన్‌లో అడిగేయండి. డొమైన్ మీ చేతికి వచ్చినా ఫోటోలు, ఆర్డర్ల డేటా అతని హోస్టింగ్‌లోనే ఉండిపోతే మళ్లీ ఇదే తిరకాసు. పూర్తి బ్యాకప్ ఒకటి తీసి పెన్‌డ్రైవ్‌లోనో డ్రైవ్‌లోనో పెట్టించుకోండి, దాన్ని తిరిగి ఎలా ఎక్కించాలో రెండు లైన్లు రాసిమ్మనండి. అతని టైముకి డబ్బు కూడా ఇవ్వండి అన్నా, ఇది ఉచితంగా చేయించుకునే పని కాదు.