అమ్మ మంచం పక్కన బటన్: వైఫైతోనా, జిగ్బీతోనా? (విశాఖవాసుల చర్చ; మనిషి పేరుకి బదులు వాళ్ళ పేట పేరు)

పెదవాల్తేరు: అమ్మకి మోకాలి ఆపరేషన్ అయింది. రాత్రి లేచి స్విచ్‌బోర్డు దాకా నడవలేకపోతోంది. అందుకని ఒక బటన్ చేస్తున్నాను. ఒకసారి నొక్కితే బాత్‌రూమ్ దాకా లైట్లు వెలగాలి, రెండుసార్లు నొక్కితే నా గదిలో బెల్ మోగాలి. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ (ఇంట్లో లైట్లూ అవీ నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తోంది. బటన్‌కి ఈఎస్‌పీ8266 అనే వైఫై చిప్, రెండు ట్రిపుల్-ఏ సెల్స్. సలహాలు చెప్పండి.

గాజువాక: వైఫై వద్దండీ. నొక్కగానే చిప్ నిద్రలోంచి లేచి రౌటర్‌ని పట్టుకునేసరికి మూడు నాలుగు సెకన్లు పోతాయి. జిగ్బీ (తక్కువ కరెంటుతో నడిచే వైర్‌లెస్ పద్ధతి) అయితే చిన్న బిళ్ళ సెల్ మీద ఏడాది పైనే వస్తుంది.

మధురవాడ: బోర్డు మీద రెగ్యులేటర్ (వోల్టేజి సర్దే భాగం) తీసేశారా? 1117 రకమైతే అదొక్కటే 5 మిల్లీఆంపులు తాగుతుంది. వారం తిరిగేసరికి సెల్స్ ఖాళీ.

పెదవాల్తేరు: బోర్డు లేదు, ఒట్టి మాడ్యూలే. ఐపీ అడ్రస్, రౌటర్ ఛానెల్ ముందే రాసిపెట్టాను, సెకను లోపే కనెక్టవుతోంది. గాజువాక గారూ, లెక్క చూడండి. చిప్ నిద్రలో ఉంటే 20 మైక్రోఆంపులు, ఏడాదికి 175 మిల్లీఆంప్ అవర్లు. రోజుకి పదిసార్లు నొక్కినా ఇంకో 80 దాకా. ట్రిపుల్-ఏ సెల్‌లో దాదాపు 1000 ఉంటుంది.

గాజువాక: లెక్క సరే. బటన్ రీసెట్ పిన్‌కే కదా కలిపింది? మరి రెండోసారి నొక్కితే చిప్ మళ్ళీ మొదటికొస్తుంది. అంటే మీ బెల్ మోగదు.

పెదవాల్తేరు: రెండో బటన్ పెడతాను.

గాజువాక: చీకట్లో ఆవిడ ఏది లైటో ఏది బెల్లో ఎలా తెలుసుకుంటారు?

ఎంవీపీ కాలనీ: ఈఎస్‌పీ-నౌ చూడండి. రౌటర్‌తో పనిలేదు, ఒక చిప్ నుంచి ఇంకో చిప్‌కి నేరుగా వెళ్తుంది.

పెదవాల్తేరు: చూస్తాను. గాజువాక గారూ, మీ జిగ్బీకి మాత్రం కోఆర్డినేటర్ (కంప్యూటర్‌కి తగిలించే జిగ్బీ రిసీవర్) అక్కర్లేదా? కరెంటు పోయి రాస్ప్‌బెర్రీ పై ఆగిపోతే అదీ ఆగుతుంది. మొదటి నుంచీ ఏదో ఒక వంక పెడుతున్నారు. చేయొద్దని చెప్పదలిస్తే నేరుగా చెప్పండి.

గాజువాక: నేరుగానే చెప్తాను. మా నాన్నగారికి నేనూ ఇలాగే చేసిచ్చాను. నేను చేసిందే, ఎవరినీ అనను. ఒక రాత్రి బాత్‌రూమ్‌లో పడ్డారు. జేబులో ఉన్న బటన్ నొక్కారు, నొక్కుతూనే ఉన్నారు. మేం పక్క గదిలోనే పడుకున్నాం. తెల్లారాక విప్పి చూస్తే సెల్ కింద స్ప్రింగుకి పచ్చగా చిలుము. మన సముద్రపు గాలి సంగతి మీకు తెలుసు. నొక్కింది వెళ్ళిందో లేదో ఆయనకి తెలిసే దారి లేదు. వస్తున్నామనుకుని అరవకుండా కూర్చున్నారు. ఒక్క మాట చెప్పండి, బెల్ మోగినప్పుడు ఆ గదిలో మీరుంటారా?

మధురవాడ: 🙏

పెదవాల్తేరు: వారంలో రెండు రాత్రులు ఉండను, నైట్ షిఫ్ట్. అమ్మ ఒక్కతే ఉంటుంది. ఆ రెండు రాత్రుల కోసమే ఇదంతా.

గాజువాక: అయితే మీకు కావాల్సింది బటన్ కాదండీ, మనిషి. ఆ రెండు రాత్రులకి ఎవరినైనా పెట్టండి.

పెదవాల్తేరు: పెట్టాను. అమ్మ రెండో రోజే పంపించేసింది. తెలియని మనిషి ఇంట్లో ఉంటే నిద్రపట్టదంది. ఆవిడ ఒప్పుకోనప్పుడు నేనేం చేయను? చేతనైంది చేస్తున్నాను.

ఎంవీపీ కాలనీ: లైట్లకి సెల్ బటన్ పెట్టండి, పనిచేయకపోయినా గండం లేదు. బెల్‌కి మాత్రం వైరు లాగండి. కింది వాటాలో ఎవరైనా ఉన్నారా?

పెదవాల్తేరు: పిన్నిగారు ఉన్నారు. పిలిస్తే అర్ధరాత్రైనా వస్తారు. కిటికీలోంచి వైరు దింపితే సరిపోతుంది. మంచం దగ్గర చిన్న ఎల్‌ఈడీ కూడా పెడతాను, కింద బెల్‌కి కరెంటు అందితేనే వెలిగేలా.

గాజువాక: మనిషే ఉండాలని ఇప్పటికీ అంటాను. వైరే వేస్తే తగరం పూత ఉన్న రాగి వైరు తీసుకోండి, మామూలుది బయట నిలవదు. అతుకులన్నీ సోల్డర్ చేయండి. ఎల్‌ఈడీ వెలిగితే పిన్నిగారికి తెలిసినట్టేనని అమ్మగారికి ముందే చూపించండి.