వెల్కమ్ కార్డు మీద ఏం రాయాలి? "స్వాగతం", "చేర్చుకొనుట" గురించి ఒక చర్చ

ఎరీ ఒడ్డు:
గ్రూపులో పెద్దలకి నమస్కారం. ఒక వాక్యం తెలుగు చేయడంలో సాయం కావాలి.

నేను ఒహాయోలో ఉంటాను. వెళ్లే చర్చి యునైటెడ్ చర్చ్ ఆఫ్ క్రైస్ట్ వాళ్లది, ఇక్కడ యూసీసీ అంటారు. ఆదివారం గుమ్మం దగ్గర నిలబడి కొత్తవాళ్లకి కార్డు ఇచ్చి, పిల్లల గది ఎటో, బాత్రూమ్ ఎటో చూపించడం నా పని. ఈమధ్య మా వైపు తెలుగు కుటుంబాలు పెరిగాయి. పిల్లల దగ్గర ఆరు నెలలు ఉందామని వచ్చిన అమ్మానాన్నలు, ఇంటికి దగ్గర్లో ఉన్న చర్చి ఇదే కదా అని నడిచి వచ్చేస్తున్నారు. ఇది ఏ రకం చర్చో వాళ్లకి తెలీదు. తెలుగులో ఒక కార్డు వేద్దామని మా పాస్టరమ్మ అన్నారు.

యూసీసీ చర్చిల్లో చాలాచోట్ల ఆరాధన మొదట్లో ఒక మాట చెప్తారు: "నో మ్యాటర్ హూ యు ఆర్, ఆర్ వేర్ యు ఆర్ ఆన్ లైఫ్స్ జర్నీ, యు ఆర్ వెల్కమ్ హియర్." దాన్ని "మీరు ఎవరైనా, జీవనయాత్రలో ఎక్కడ ఉన్నా, ఇక్కడ మీకు స్వాగతం" అని రాశాను. అర్థం వచ్చింది గానీ మనిషి మాట్లాడినట్టు లేదు. ఎక్కడ తేడా కొట్టింది?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
అమ్మా, ముందు జీవనయాత్ర తీసెయ్యండి. మన పేపర్లలో ఆ మాట పక్కన "ముగించారు" అనే ఉంటుంది. డెబ్బై ఏళ్ల పెద్దాయన చేతిలో ఆ కార్డు పెడితే ఇంకెంతో దూరం లేదండీ అని చెప్పినట్టే.

ఇక స్వాగతం. సు, ఆగతం కలిస్తే స్వాగతం. అందులో ఒక సు ఉండగానే ఇంకోటి తగిలించి సుస్వాగతం అని రాస్తారు. ఆ గొడవ ఈ గ్రూపులో చాలాసార్లు అయింది, మళ్లీ వద్దు. నేను చెప్పేది వేరు. స్వాగతం అనేది ఊరి మొదట్లో కమాను మీద, కల్యాణ మంటపం గేటు మీద, సభలో మైకు ముందు ఉండే మాట. ఇంటికొచ్చిన మనిషిని చూసి ఎవరూ "స్వాగతం" అనరు. "రండి రండి" అంటాం. కాస్త మర్యాదైతే "దయచేయండి". అందులోనూ జాగ్రత్త, "ఇక దయచేయండి" అంటే బయటికి పొమ్మని.

ఓరుగల్లు పిల్ల:
మా దిక్కు "రాండ్రి, కూసోండ్రి" అంటరు. నాకు ఇబ్బంది "మీరు ఎవరైనా" దగ్గర. అట్ల మొదలుపెడితే గేటు దగ్గర సెక్యూరిటీ అన్న గుర్తొస్తడు. "మీరు ఎవరైనా, ఐడీ కార్డు చూపించాలె." కనీసం "సరే" కలపండి అక్కా. "ఎవరైనా సరే" అంటే మెత్తబడతది.

ఎరీ ఒడ్డు:
సెక్యూరిటీ అంటే గుర్తొచ్చింది. 2004 చివర్లో యూసీసీ ఒక టీవీ ప్రకటన తీసింది. చర్చి గుమ్మం ముందు నైట్‌క్లబ్బుల్లో ఉండేలాంటి బౌన్సర్లు తాడు కట్టి నిలబడి, ఎవరు లోపలికి వెళ్లాలో ఎవరు వెళ్లకూడదో తేల్చేస్తుంటారు. చేతులు పట్టుకుని వచ్చిన ఇద్దరు మగవాళ్లని ఆపేస్తారు, తెల్లవాళ్లు కానివాళ్లని ఆపేస్తారు. ఆ తర్వాత తెర మీద, యేసు ఎవరినీ వెనక్కి పంపలేదు, మేమూ పంపం అని అక్షరాలు వస్తాయి. సీబీఎస్, ఎన్‌బీసీ టీవీ ఛానెళ్లు దాన్ని వేయబోమన్నాయి, వివాదాస్పదమని. వేయకపోవడంతోనే ఎక్కువమందికి తెలిసింది. కాబట్టి నా తెలుగు వాక్యంలో గేటు కాపలా వినిపిస్తే మాత్రం కుదరదు. "సరే" కలిపేశాను.

పాతబైబిలు:
ఈ సందర్భాలకి మన పాత తెలుగు బైబిల్లో వేరే మాట ఉంది: చేర్చుకొనుట. మత్తయి 25:35 చూడండి, "పరదేశినై యుంటిని, నన్ను చేర్చుకొంటిరి." మత్తయి 10:40, "మిమ్మును చేర్చుకొనువాడు నన్ను చేర్చుకొనును." లూకా 15:2లో పరిసయ్యులూ శాస్త్రులూ, అంటే అప్పటి యూదు మతపెద్దలు, సణుక్కున్నది కూడా ఇదే మాటతో, "ఇతడు పాపులను చేర్చుకొని వారితో కూడ భోజనము చేయుచున్నాడు" అని. నిందగా అన్నారు గానీ, యేసు గురించి ఇంతకంటే సరైన మాట ఆయన శిష్యులు కూడా చెప్పలేదని నా అభిప్రాయం.

గ్రీకులో ఇవన్నీ ఒకే క్రియ కాదు. మత్తయి 25లో ఉన్నది సునాగో, పోగుచేయడం, లోపలికి తెచ్చుకోవడం. సినగాగ్ (యూదుల సమాజమందిరం) అనే మాటకీ అదే మూలం. మత్తయి 10లో దెఖొమై. లూకాలో ప్రోస్‌దెఖొమై. రోమా 14:1లో, 15:7లో ప్రోస్లంబానో, అదీ మధ్యమ రూపంలో, అంటే కర్త తన కోసం తాను చేసే పని. సంస్కృతం చదివినవాళ్లు ఆత్మనేపదం అనుకోవచ్చు. మన "కొను" సరిగ్గా ఆ పనే చేస్తుంది, వ్యాకరణంలో ఆత్మార్థకం అంటారు. వండటం వేరు, వండుకోవడం వేరు. చేర్చడం అంటే ఎక్కడికో ఒకచోటికి. చేర్చుకోవడం అంటే నా దగ్గరికి. అందుకే "అక్కున చేర్చుకుంది" అంటాం. "అక్కున స్వాగతించింది" అంటే ఎలా ఉంటుందో ఒకసారి పైకి అనుకుని చూడండి.

రోమా 14:1 ఇంకా ముందుకు చదవాలి. "విశ్వాసము విషయమై బలహీనుడైనవానిని చేర్చుకొనుడి, అయినను సంశయములను తీర్చుటకు వాదములను పెట్టుకొనవద్దు." అక్కడ తగువు తిండి దగ్గర. ఒకడు అన్నీ తింటాడు, ఒకడు కూరగాయలే తింటాడు. మనిషిని లోపలికి రానివ్వండి, వచ్చీ రాగానే వాడితో వాదన పెట్టుకోకండి అంటున్నాడు పౌలు. మన చర్చిల్లో కొత్తవాడు కనబడగానే "రక్షణ పొందారా?" అని అడిగే అలవాటుకి ఈ సగం వాక్యం చాలు.

బెజవాడ కుర్రోడు:
బాబాయ్ గారూ, అంతా బాగుంది గానీ ఇప్పుడు చేర్చుకోవడం అంటే కండువా కప్పడమే. "ముఖ్యనేత సమక్షంలో ఐదొందల మందిని పార్టీలో చేర్చుకున్నారు." లేకపోతే హాస్పిటల్లో.

ఎరీ ఒడ్డు:
ఇదే నా టెన్షన్ కూడా. "మిమ్మల్ని చేర్చుకుంటాం" అని కార్డు మీద ఉంటే, అమ్మో ఇక్కడ సభ్యత్వం రాయించేసుకుంటారా, మళ్లీ బాప్తిస్మం ఇచ్చేస్తారా అని భయపడతారు. ఊళ్లో వాళ్లకి వాళ్ల సంఘం ఉంది. ఇక్కడికి వచ్చింది ఒక పూట కూర్చుందామని.

పల్నాటి పేట:
కుర్రోడి కండువా మాట నిజమే, అయినా ఆ మాటని అంత తేలిగ్గా వదలకండి. స్వాగతానికి ఎదురుమాట వీడ్కోలు. చేర్చుకోవడానికి ఎదురుమాట వెలివేయడం. యోహాను 9:22లో "సమాజమందిరములోనుండి వెలివేతుము" అన్న మాట ఉంటుంది. తెలుగు పల్లెల్లో కులపంచాయతీలు మనిషిని వెలివేసి, తర్వాత తప్పు కట్టించుకుని "కులంలో చేర్చుకున్నాం" అనేవాళ్లు. ఊరి బయట పేటలో బతికినవాళ్లు ఆ క్రియని బైబిల్లో విన్నప్పుడు, తప్పు కట్టక్కర్లేకుండా చేర్చుకునేవాడు ఒకడున్నాడని విన్నారు. మా నాయనమ్మకి చదువు రాదు. కానీ "పరదేశినై యుంటిని" అని ఎవరన్నా మొదలుపెడితే చాలు, మిగతాది తనే పూర్తిచేసేది. స్వాగతం అనే మాట ఆమె నోట నేను ఎప్పుడూ వినలేదు.

పాతబైబిలు:
పేట వారు చెప్పింది చదివాక ఆ వచనాలన్నీ మళ్లీ చూశాను. ఒక సంగతి తేలింది. "చేర్చుకొనుడి" అన్నది ఎవరితో? లోపల ఉన్నవాళ్లతో. కొత్తగా వచ్చినవాడితో ఎక్కడా "నిన్ను చేర్చుకుంటున్నాం" అనలేదు. వచ్చేవాడికి చెప్పిన మాట మత్తయి 11:28లో ఉంది, "నా యొద్దకు రండి." కాబట్టి అమ్మా, కార్డు మీద "రండి" పెట్టండి. "చేర్చుకొనుడి" మీ గుమ్మం దగ్గర నిలబడే వాలంటీర్లకిచ్చే కాగితం మీద పెట్టండి. అతిథికి చెప్పాల్సింది, ఇంటివాళ్లకి చెప్పాల్సింది ఒకటి కావు.

పన్లో పని, ఇంకో ముక్క. యూసీసీ 1957లో కొన్ని సంప్రదాయాలు కలిసి ఏర్పడింది, అందులో ఒకటి కాంగ్రిగేషనల్, అంటే ఏ సంఘం నిర్ణయాలు ఆ సంఘమే తీసుకునే పద్ధతి. లండన్ మిషన్ వాళ్లు 1805లో విశాఖపట్నంలో దిగారు, ఆ మిషన్‌లో ఎక్కువమందిది ఆ సంప్రదాయమే. కడప, గుత్తి వైపు వాళ్లు పెట్టిన సంఘాలు తర్వాత సీఎస్ఐలో (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) కలిశాయి. కడప సీఎస్ఐ నుంచి ఎవరన్నా వస్తే, మీ చర్చి వాళ్లకి దూరపు చుట్టమే అవుతుంది.

ఎరీ ఒడ్డు:
ఇది నాకు కొత్త. మా పాస్టరమ్మకి చెప్పాలి.

అసలు కష్టం కార్డు రెండో వైపు. మనవాళ్లు మొదటిసారి వస్తే గుమ్మంలోనే సందేహాలు. చెప్పులు విప్పాలా? (అక్కర్లేదు.) ఆడవాళ్లు ఏ వైపు? (వైపులు లేవు.) ముసుగు వేసుకోవాలా? (మీ ఇష్టం.) కొత్తవాళ్లని లేచి నిలబడి పేరూ ఊరూ చెప్పమంటారా? (మా దగ్గర అనరు. ఇది అన్నిటికంటే ముఖ్యం.) కానుక పళ్లెం దాటేస్తే ఏమన్నా అనుకుంటారా? (అనుకోరు.) ఇవి తేలిగ్గానే రాసేశాను.

రెండుచోట్ల ఆగాను. ఒకటి, బల్ల, అంటే ఆరాధనలో యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునేది. యూసీసీలో ప్రభువు బల్ల దగ్గరికి రావాలనుకున్న ఎవరైనా రావచ్చు. "బల్ల అందరికీ" అని రాస్తే మనవాళ్లకి అర్థమయ్యేది "బాప్తిస్మం తీసుకున్న అందరికీ" అని. రెండోది, ఓపెన్ అండ్ అఫర్మింగ్ అనే మాట. గే, లెస్బియన్ మనుషుల్ని ఉన్నది ఉన్నట్టుగా సభ్యులుగా తీసుకోమని 1985లో యూసీసీ జనరల్ సినడ్ (జాతీయ మహాసభ) తన సంఘాలకి పిలుపు ఇచ్చింది, ఆ తీర్మానం నుంచి వచ్చిన పేరు ఇది. దానికి తెలుగేమిటి?

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
బల్లకి "అందరికీ" చాలదు. "బాప్తిస్మం తీసుకోకపోయినా రావచ్చు" అని విప్పి చెప్పాలి. రెండోదానికి "ఆమోదించే సంఘం" అనొచ్చేమో. ఆమోదానికి సంస్కృతంలో సంతోషం, సువాసన అని అర్థాలు. కానీ ఇప్పుడు ఆమోదం అనగానే ఫైలు మీద సంతకం గుర్తొస్తోంది, నిజమే. అయినా పెద్దవాళ్ల కార్డు మీద ఈ సంగతి అవసరమా? ఇబ్బంది పడతారేమో. "ప్రగతిశీల సంఘం" అని ఊరుకోవచ్చు. అభ్యుదయ మాత్రం వద్దు, 1943లో తెనాలిలో పెట్టిన అభ్యుదయ రచయితల సంఘం అనుకుంటారు.

నిజాంపేట నుంచి:
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, ఆ సంగతి కార్డు మీద ఉండాలి. నేను తెలుగు చర్చిలో పెరిగిన గే అబ్బాయిని. మొదటి కొరింథీ 6:9లో "ఆడంగితనముగలవారు" అని చదివినప్పుడల్లా సండే స్కూల్లో నా వైపు చూసి నవ్వేవాళ్లు. నాలాంటివాడు ఒక చర్చి గుమ్మం దగ్గర ఆగితే, "అందరూ రండి" అన్న మాట వాడికి చాలదు. అందరూ అనే ప్రతిచోటా తను లేడని వాడికి తెలుసు. "ప్రగతిశీల" అన్నా అంతే, అందులో నేనున్నానో లేదో తేలదు.

పెద్దవాళ్ల మాటకొస్తే, చెప్పకుండా దాచి, మూడో వారం ఇద్దరు ఆడవాళ్లు జంటగా బల్ల దగ్గరికి రావడం చూసి వాళ్లు షాక్ తినడం మర్యాద కాదు. ముందే తెలిస్తే ఉండాలో వెళ్లాలో వాళ్లే చూసుకుంటారు.

మాట ఏది అంటే: "స్వలింగ సంపర్కులు" దయచేసి వద్దు. పేపర్లు రాసే మాటే గానీ, మనిషిని పక్క మీదికి కుదించేస్తుంది. "అంగీకరించే" అన్నా, మీరు నన్ను అంగీకరించాలా అని కాస్త గుచ్చుకుంటుంది. "సహించే" అంటే చెప్పక్కర్లేదు. పేరు పెట్టడం మానేసి ఏం జరుగుతుందో రాయండి అక్కా.

రిటైర్డ్ తెలుగు మాస్టారు:
బాబూ, నీ మాటకి బదులు లేదు. రాయండమ్మా.

ఎరీ ఒడ్డు:
అందరి మాటలూ కలిపి ఇలా కుదిరింది. చూసి చెప్పండి.

"రండి. మీకు నచ్చినచోట కూర్చోండి. మీరు ఎవరైనా సరే, ఎక్కడినుంచి వచ్చినా సరే, నమ్మకం గట్టిగా ఉన్నా, సందేహాలున్నా, ఇంకా ఏమీ తేల్చుకోకపోయినా, ఇక్కడ మీకు చోటుంది. మిమ్మల్ని లేచి నిలబడమని అడగం. సభ్యత్వం గురించి మీరు అడిగితేనే మాట్లాడతాం. ప్రభువు బల్ల దగ్గరికి బాప్తిస్మం తీసుకోకపోయినా రావచ్చు, రాకుండా కూర్చున్నా ఎవరూ ఏమీ అనుకోరు. గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్, క్వియర్ మనుషులు ఈ సంఘంలో సభ్యులుగా, పెద్దలుగా, పాస్టర్లుగా ఉంటారు. వాళ్లని మారమని ఇక్కడ ఎవరూ అడగరు. ఆరాధన అయ్యాక కింద హాల్లో కాఫీ ఉంటుంది."

"లైఫ్స్ జర్నీ" పోయింది. బదులు నమ్మకం, సందేహం వచ్చాయి. మూలానికి దూరమైందంటే ఒప్పుకుంటాను.

పాతబైబిలు:
దూరం కాలేదు. వాలంటీర్ల కాగితం సంగతి?

ఎరీ ఒడ్డు:
అక్కడ ఇంగ్లిషులో రోమా 15:7 ఉంది. కింద తెలుగులో "ఒకనినొకడు చేర్చుకొనుడి" కూడా వేయిస్తున్నాను. అది చదవగలిగేది గుమ్మం దగ్గర నేనొక్కదాన్నే.

పల్నాటి పేట:
"ఒకనినొకడు"లో ఆడవాళ్లు లేరమ్మా. "ఒకరినొకరు" చేయండి.

పాతబైబిలు:
వచనాన్ని అలా దిద్దితే ఎలాగండీ?

పల్నాటి పేట:
గ్రీకులో "అల్లేలూస్" అని ఉంది, ఒకరినొకరు అనే అర్థం. "ఒకడు" ఆ కాలం అనువాదకుల అలవాటు. ఆడ పాస్టరు ఉన్న చర్చిలో ఇంకా "ఒకడు" ఏమిటి?

ఓరుగల్లు పిల్ల:
నేను పేట వారి దిక్కు. ఇంకోటి అక్కా, కార్డు మీద "రండి" ఉండనియ్యి. మా తెలంగాణోళ్లు ఎవరన్నా వస్తే మాత్రం నోటితోని "రాండ్రి" అను.